డ్యాం మీది పిల్ల

పదిహేనేళ్ళుగా ఒక కడుపునొప్పిని మోస్తున్నాను. వచ్చిన నొప్పి కాదు, వచ్చిందని చెప్పిన నొప్పి. నిజంగా వచ్చి ఉంటే వాము నీళ్ళకు ఆ పూటే తగ్గిపోయేది. ఇది తగ్గలేదు.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెప్పడం తేలిక, మీ ముఖం నాకు కనబడదు, నా పేరు మీకు తెలియదు. పైగా ఇవాళ శుక్రవారం. సాయంత్రం ఫస్ట్ షో లోపల ఎవరో ఒకరికి చెప్పకపోతే నేను ఆ టాకీసు గడప తొక్కలేను. తప్పు ఒప్పుకునే మనిషి ఏడుస్తూ రాయాలేమో. నాకు ఏడుపు రావడం లేదు. మధ్యమధ్య నవ్వొస్తోంది కూడా. సిగ్గు లేదా నీకు, అని నన్ను నేనే అడిగాను. ఉంది. కానీ ఏం చేయను, ఆ తప్పు చేసిన రోజులే నా బతుకులో అన్నిటికంటే ఆనందంగా గడిచిన రోజులు.

అప్పట్లో మేము మెదక్‌లో ఖిల్లా కింది గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళం. ఇప్పటికీ అదే ఇల్లు. మా ఆయన ఊళ్ళోని టాకీసులో గేట్ కీపర్. ఆయనకు సినిమా అంటే ఒక తలుపు, ఒక టార్చిలైటు, అంతే. జనం లోపలికి పోయాక బయట స్టూలు మీద కూర్చునేవాడు. ఏ మాటకు ఈలలు పడతాయో, ఏ పాటకు చంటిపిల్లలు ఏడుపు అందుకుంటారో ఆయనకు తెలుసు కానీ కథ ఏమిటో తెలియదు. కథలన్నీ నావి. గేట్ కీపర్ పెళ్ళాన్ని కాబట్టి ఆడవాళ్ళ వైపు వెనక బెంచీ మూల నాకు ఎప్పుడూ ఖాళీయే. ఒక్కో సినిమా నాలుగైదు సార్లు చూసేదాన్ని. లైట్లు ఆరగానే మగవాళ్ళ చూపు పడకుండా మా ముందు కట్టిన పరదాను పక్కకు లాగేవాళ్ళు. ఇంటర్వెల్‌కు మళ్ళీ వేసేవాళ్ళు. ఆ పరదా రింగులు ఇనుప కడ్డీ మీద గరగరా జరిగే చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

సినిమాల మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉండేవి. అడిగినా అడగకపోయినా చెప్పేదాన్ని. పౌరాణికాల్లో దేవుళ్ళు మేఘాల మధ్య నిలబడి మాట్లాడుకుంటుంటే, అంత పొగ ఎక్కడినుంచి పెడుతున్నారబ్బా అనే ధ్యాసే తప్ప నాకు భక్తి కుదిరేది కాదు. కత్తియుద్ధాలంటే మాత్రం ప్రాణం. రాజకుమారుడు ఆనుకోగానే రాతి స్తంభం ఊగేది. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ఆ అట్ట స్తంభం మీద జాలేసేది, పాపం అది కూడా తన వంతు నటిస్తోంది కదా అని. కుటుంబ చిత్రాల్లో మగవాళ్ళు తాగొచ్చి పాటలు పాడడం నాకు అస్సలు గిట్టదు. తాగినవాళ్ళను మా గల్లీలో రోజూ చూసేదాన్ని, ఒక్కడైనా శ్రుతిలో పాడితే ఒట్టు. హాస్యగాడు తెర మీదికి రాగానే లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చేదాన్ని.

ఇక అందరికంటే నాకు భిన్నమైన అభిప్రాయం ఒకటి ఉండేది, చెబితే మీరు నమ్మరు. నాకు అసలు సినిమా కంటే దాని ముందు వేసే సమాచార చిత్రమే ఎక్కువ ఇష్టం. అందరూ దాన్ని వార్తల రీలు అనేవాళ్ళు. అది పడుతున్నంతసేపు జనం బయట సోడాలు తాగేవాళ్ళు. నేను మాత్రం అది తప్పిపోకూడదని పరుగెత్తుకుంటూ వచ్చి కూర్చునేదాన్ని. ఎప్పుడూ ఒకటే గొంతు, జలుబు చేయని గొంతు. ఒకసారి మిడతల దండు మీద విమానం మందు చల్లింది. ఒకసారి పట్టుపురుగులు ఆకు నములుతుంటే ఆ చప్పుడు కూడా వినిపించారు. ఒకసారి ఎక్కడో డ్యాం కట్టడం చూపించారు. తట్టలెత్తుకుని ఆడకూలీలు వరుసగా నడుస్తున్నారు. వాళ్ళలో ఒక పిల్ల ఆగి, నేరుగా మా వైపు చూసి, కొంగు సర్దుకుని నవ్వింది. అంతే, బొమ్మ మారిపోయింది. ఎవరా పిల్ల? ఎందుకు నవ్వింది? ఆ పూట ఇంటికెళ్ళి ఏం వండుకుంది? హీరోయిన్ల గురించి నాకు ఎప్పుడూ ఇంత ఆరాటం పుట్టలేదు. ఆ పిల్ల కోసం ఆ వారమంతా వెళ్ళాను.

మా గోడకు అవతలి ఇల్లు జైనబ్ ఆపాది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నేను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. ఆమె భర్త ఖాజా భాయి రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. పనికోసం పాపన్నపేట, శంకరంపేట తిరిగి చీకటిపడ్డాక వచ్చేవాడు. ఆపా ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. అదే గదిలో మంచం మీద ఆమె అత్త. గల్లీ మొత్తానికి ఆమె దాదీ. పక్షవాతంతో ఒక పక్క చచ్చుబడింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు, రెండు పక్కల పని అదే చేసేది.

దాదీని గడియసేపు కూడా ఒంటరిగా వదలడానికి లేదు. అందుకని ఆపా మెదక్‌కు కోడలుగా వచ్చినప్పటి నుంచి ఒక్క సినిమా చూడలేదు. ఆమె పుట్టిన ఊళ్ళో టాకీసే లేదు. అంటే పుట్టాక ఒక్క సినిమా చూడలేదు. ఎవరూ వద్దనలేదు, వీలు కాలేదు, అంతే. సాయంత్రం టాకీసు మైకులో పాటలు మొదలైతే కత్తెర ఆపి, తల ఒక పక్కకు వంచి వినేది. మూడో పాటకు గేటు తీస్తారని ఆమెకు నేనే చెప్పాను. ఆ మూడో పాట అయిపోగానే మళ్ళీ కత్తెర అందుకునేది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను వాళ్ళింట్లో చేరేదాన్ని. ఆపా ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టేది. నేను సినిమా చెప్పేదాన్ని. ఒక్కో సినిమా నాలుగు మధ్యాహ్నాలు నడిచేది. వాన వస్తే చాట మీద వేళ్ళతో వాన కురిపించేదాన్ని. గుర్రం వస్తే నాలుకతో పరుగెత్తించేదాన్ని. దాదీ గోడవైపు తిరిగి పడుకుని, నాకేం పట్టదన్నట్టు ఉండేది. కానీ కథలో ఎవరైనా తెలివితక్కువ పని చేస్తే ఊరుకునేది కాదు.

"గా పోరికి అకల్ లేదా? గా ఉత్తరం వానికెందుకిచ్చింది? జర అడుగు దాన్ని!" అని గోడకేసి అరిచేది.

నేను కథ ఆపి ఆ పిల్ల తరఫున జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆపా నవ్వు ఆపుకోలేక బీడీ విప్పేసి మళ్ళీ చుట్టేది. ఎన్ని మధ్యాహ్నాలు అట్లా గడిచాయో! నేను చూసిన ఏ సినిమాలోనూ ముగ్గురు ఆడవాళ్ళు అంతసేపు నవ్వలేదు.

మొదటి అబద్ధం దాదీ కోసమే చెప్పాను. ఒక సినిమాలో ముసలి తల్లి మంచాన పడుతుంది. కొడుకు పట్నం నుంచి వచ్చేలోపల పోతుంది. టాకీసు టాకీసంతా ఏడ్చిన చోటు అది. నేను ఆ ఊపులో చెప్పుకుంటూ అక్కడిదాకా వచ్చేశాను. చూద్దును కదా, దాదీ ఇటు తిరిగింది. బాగున్న చేత్తో మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది.

"ఏమైంది? సచ్చిపోయిందా?"

"ఎందుకు సస్తది దాదీ? కొడుకొచ్చి దవాఖానల చేర్పిచ్చిండు. నెలరోజులకు లేచి తన కాళ్ళ మీద నడుసుకుంట ఇంటికొచ్చింది."

దాదీ పట్టె వదిలింది. "గట్లుండాలె. మస్తు తీసిండ్రు సినిమా," అంది.

ఆ రోజు నుంచి మెదక్‌లో ఆడిన ఏ సినిమాలోనూ తల్లులు చావలేదు. ఎంత జబ్బు చేసినా లేచి నడిచారు. అంతటితో ఆగి ఉంటే ఇవాళ ఈ కాగితం రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ నాకు రుచి తగిలింది. పాటలు వచ్చే చోట వార్తల రీలు నుంచి ముక్కలు తెచ్చి అతికించడం మొదలుపెట్టాను. మిడతల మీద మందు చల్లిన విమానం హీరో నడిపాడు. పట్టుపురుగులను హీరోయిన్ పెంచింది. దాదీ పుట్టిల్లు మంజీర ఒడ్డున, నీళ్ళ మాట వస్తే చాలు ముఖం వెలిగిపోయేది. అందుకని రెండు సినిమాలకొకసారి డ్యాం గేట్లు ఎత్తి నీళ్ళు వదిలేదాన్ని. ఒకరోజు మా ఆయన గుమ్మంలో నిలబడి కాసేపు విని, "ఏ ఊళ్ళ ఆడుతుందే గీ సినిమా? మా టాకీసుల నీళ్ళ సప్పుడే ఇనరాదు" అన్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ తర్వాత ఆ సినిమా వచ్చింది. పేరు రాయను. రాస్తే మీలో చూసినవాళ్ళు కూర్చుని తప్పులు పడతారు. నా అభిప్రాయం అడిగితే, మంచి సినిమాయే, ఇంటర్వెల్ దాకా. ఆ తర్వాత నీరసపడింది. తల్లి చనిపోవడానికి ఒక పాట నిండా పట్టింది. హీరోయిన్‌కు చేయడానికి పనేమీ లేక, కిటికీ ఊచలు పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. ఇంత మంచి పిల్లను కిటికీ దగ్గర నిలబెడతారా? ఆమెను అక్కడి నుంచి లాక్కొచ్చి డ్యాం మీద పనికి పెట్టాను. తట్ట ఎత్తించాను. తల్లికి నయమైందని కబురు అందగానే, ఆ పిల్ల నడుస్తున్నదల్లా ఆగి, ఇటు తిరిగి, కొంగు సర్దుకుని నవ్వుతుంది. వెనకాల గేట్లు లేచి నీళ్ళు దూకుతాయి. అట్లా ముగించాను. ఆరు మధ్యాహ్నాలు చెప్పాను ఆ సినిమాను. చివరి రోజు ఆపా చేతిలో బీడీ అట్లాగే ఉండిపోయింది. దాదీ గోడవైపు తిరగడమే మరిచిపోయింది. నేను గొప్పదాన్ని అనిపించింది. ఎందుకు దాచాలి, నిజంగానే అనిపించింది.

సినిమా మూడో వారంలో ఉండగా నర్సాపూర్ నుంచి ఆపా ఆడబిడ్డ వచ్చింది. ఒక్క రోజుకే వచ్చింది, మర్నాడు పొద్దున బస్సుకు పోవాలి. వచ్చినామె వదినను చూసి, "సాయంత్రం అమ్మ దగ్గర నేనుంట, నువ్వు జర బయటికి పోయి రా" అందట. ఆపా ఆ మాట చెప్పడానికి గోడ దగ్గరికి కూడా రాలేదు, గల్లీలోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"చెల్లె! ఇయ్యాల నేను సినిమాకొస్త!"

"ఏ సినిమాకు ఆపా?"

"ఏ సినిమా ఏంది, నీ సినిమాకే! తల్లి దవాఖానకెల్లి నడుసుకుంట వస్తది చూడు, గది నా కండ్లతోని చూడాలె. డ్యాం మీద గా పిల్ల నవ్వేది చూడాలె. నీ పక్కన్నే కూసుంట. నాకేం తెల్వది, ఎటు చూడాల్నో నువ్వే చెప్పాలె."

"సరే ఆపా," అన్నాను. ఇంకేమంటాను?

ఆమె వెళ్ళాక పొయ్యి ముందు కూర్చుండిపోయాను. ఆ సినిమాలో తల్లి చచ్చిపోతుంది. డ్యాం లేదు. పిల్ల లేదు. కిటికీ ఉంది. ఆపాకు ఇంటర్వెల్ తర్వాత పావుగంటలో అంతా తెలిసిపోతుంది. తెలిస్తే ఏమవుతుంది? మహా అయితే నవ్వుతుంది, నా వీపు మీద ఒక్కటి వేస్తుంది. ఈ మాట నాకు ఇప్పుడు తోస్తోంది. అప్పుడు తోచలేదు. దాదీకి తెలిస్తే గుండె ఆగిపోతుందేమో అని ఒక సాకు వెతుక్కున్నాను. చాలా ఏళ్ళు ఆ సాకునే నమ్మాను. కానీ అది కాదు. నా భయం వేరే. ఒకసారి తెర చూశాక ఆపాకు ఇక నా నోరు ఎందుకు? నేను లేకుండానే సినిమా ఉంటుందని ఆమెకు తెలిసిపోతుంది. ఆ గదిలో ఆ చాట ముందు నేను పెద్ద మహారాణిని. టాకీసులో ఎవర్ని? గేట్ కీపర్ పెళ్ళాన్ని, మూల బెంచీ దాన్ని. ఒక మనిషికి బతుకులో దొరికిన ఒక్క సాయంత్రాన్ని, నా పెద్దరికం నిలుపుకోవడానికి లాగేసుకున్నాను. ఇంత చిన్న దానికోసం ఇంత పెద్ద పని చేస్తారా ఎవరైనా? నేను చేశాను.

సాయంత్రం ఆపా వచ్చింది. రంజాన్‌కు కుట్టించుకున్న ఆకుపచ్చ సల్వారు కమీజు జోడు వేసుకుంది. అత్తరు పూసుకుంది. కళ్ళకు సుర్మా. బురఖా ఇంకా చేతిమీదే ఉంది, నాకు చూపించాలని తొడుక్కోలేదు. మైకులో మొదటి పాట మొదలైంది. "ఇంకా చీర కట్టుకోలేదా, ఎంత నిదానమే నీకు!" అని నన్ను తొందరపెట్టింది. రెండో పాట వచ్చింది. ఆపా గుమ్మంలో నిలబడి పాటకు కాలి బొటనవేలు ఆడిస్తోంది. రెండో పాట ముగిసింది, మూడోది ఇంకా మొదలుకాలేదు. అప్పుడు నేను కడుపు పట్టుకుని చాప మీద కూలబడ్డాను.

చెప్పాలంటే చాలా బాగా నటించాను. నేను తప్పుపట్టిన హీరోయిన్లలో ఒక్కతె కూడా అంత బాగా పడలేదు.

ఆపా బురఖా ఒక మూలకు విసిరేసింది. "అయ్యో చెల్లె, ఏమైందే!" అని నా తల ఒళ్ళో పెట్టుకుంది. పొయ్యి రాజేసి వాము నీళ్ళు కాచింది. గోడ మీదుగా కబురు తెలిసి దాదీ ఏదో దువా చదివి, గ్లాసెడు నీళ్ళ మీద ఊది కూతురి చేత పంపింది. వాము నీళ్ళూ తాగాను, దువా నీళ్ళూ తాగాను. "నువ్వు పో ఆపా, మా ఆయన గేటు దగ్గరున్నడు, కూసుండపెడతడు" అని ఒకసారి అన్నాను. అనకపోతే బాగుండదని అన్నాను. ఆమె పోదని నాకు తెలుసు.

"నీకిట్ల నొస్తుంటే నాకు సినిమా కనపడ్తదా?" అంది. ఆ మాట మీకు చెప్పడానికే ఇదంతా రాశానేమో.

మూడో పాట వచ్చింది. ఆపా తల పక్కకు వంచి వినలేదు. వేడి నీళ్ళలో బట్ట ముంచి నా కడుపు మీద వేస్తూ కూర్చుంది. ఆకుపచ్చ జోడు మోకాళ్ళ దగ్గర తడిసిపోయింది. కాసేపటికి, "ఊకె పండుకుంటే నొప్పి యాదికొస్తది. నేనొక సినిమా చెప్త, ఇను" అంది. నా సినిమానే చెప్పింది. నాకే చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క వదలకుండా. నేను చెప్పనివి కూడా చెప్పింది. డ్యాం మీది పిల్ల తట్టలో ఇసుకతో పాటు తల్లి కోసం ఏరిన ఒక తెల్లటి గులకరాయి ఉందట. నవ్వినప్పుడు ఆ రాయి పిడికిట్లో ఉందట. నేను ఎక్కడ చెప్పాను ఆ మాట? ఎప్పుడూ చెప్పలేదు. నీళ్ళు దూకే చోటికి వచ్చేసరికి చాట లేదని నా కడుపు మీదే మెల్లగా వేళ్ళు ఆడించింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా చెవులు వదలడం లేదు. ఇంతకంటే మంచి సినిమా నేను చూడలేదు. ఇది నా అభిప్రాయం, ఈనాటికీ మారలేదు.

మర్నాడు నా మీద బెంగతో మా ఆయన దవాఖాన నుంచి ఎర్రమందు సీసా తెచ్చాడు. మూడు రోజులు తాగాను. అంత చేదు మందు మళ్ళీ తాగలేదు.

అక్కడితో అయిపోలేదు. ఏడాది తర్వాత ఒక సాయంత్రం సర్కారు పబ్లిసిటీ వ్యాను మా గల్లీ చివరి బడికి వచ్చింది. గోడకు తెల్లబట్ట కట్టి, ఊరికే సమాచార చిత్రాలు వేశారు. మా మిద్దె మీది నుంచి బాగా కనబడుతుంది. దాదీకి కునుకు పట్టిందని ఆపాను చెయ్యి పట్టి పైకి లాక్కుపోయాను. కనీసం ఇదైనా చూడనీ అనుకున్నాను. బట్ట మీద వెలుగు పడింది. ఆ గొంతు, జలుబు చేయని గొంతు మొదలైంది. నా ఖర్మకు అదే రీలు. డ్యాం. తట్టలెత్తిన ఆడవాళ్ళు వరుసగా వస్తున్నారు.

ఆపా నా భుజం పట్టి ఊపేసింది. "చెల్లె! గిదే! నీ డ్యామే! నీ సినిమానే!"

ఆ ముఖం మీరు చూడాల్సింది. తెర మీది వెలుగంతా దాని మీదే ఉంది. కాదు ఆపా, ఇది వేరు, అని ఒక్క మాట అంటే సరిపోయేది. "అవును ఆపా, అదే" అన్నాను. ఇది రెండో తప్పు. కానీ ఆ సంతోషాన్ని ఆ క్షణంలో చెడగొట్టడం కూడా తప్పే అయ్యేదేమో? తెలియదు. ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇంతలో కింద దాదీ లేచి కేక పెట్టింది. ఆపా రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తింది. ఆమె అట్లా దిగిందో లేదో, ఆ పిల్ల వచ్చింది. ఆగింది. కొంగు సర్దుకుంది. నవ్వింది. బొమ్మ మారిపోయింది.

నేను కిందికి పోగానే అడిగింది, "పిల్ల వచ్చిందా?"

"వచ్చింది ఆపా."

"నవ్విందా?"

"నవ్వింది."

ఆ సినిమా గురించి నేను ఆమెకు చెప్పిన నిజాలు ఆ రెండే. ఆ తర్వాత ఆపా అందరితోనూ, "నేను గూడ సినిమా చూసిన, పది నిమిషాలు" అని మురిసిపోతూ చెప్పుకునేది. గల్లీలో ఎవరూ నవ్వలేదు. నేను నవ్వనిచ్చేదాన్ని కాదు.

తర్వాతి ఎండాకాలం దాదీ నిద్రలోనే పోయింది. ఆ వారం నేను చెబుతున్న సినిమా సగంలో ఉంది. మిగతాది ఆపా అడగలేదు, నేను చెప్పలేదు. ఇళ్ళలోకి స్టీలు గిన్నెలు రావడం మొదలై కళాయి పని తగ్గిపోయింది. ఖాజా భాయి చెల్లెలున్న నర్సాపూర్‌కు సంసారం మార్చాడు. బస్సెక్కే ముందు ఆపా నా చెయ్యి పట్టుకుని, "సినిమా చూస్తే నీ పక్కన కూసునే చూస్త" అంది. అందరూ అనే మాటే అనుకున్నాను. కానీ ఆమె నిలబెట్టుకుంది. పెళ్ళిళ్ళకు, పండుగలకు కలిసినప్పుడల్లా అడిగేదాన్ని, చూశావా ఆపా ఏమైనా అని. "నువ్వు లేకుంటే ఎటు చూడాల్నో ఎవరు చెప్తరు?" అని నవ్వేది. ఒక్కసారి కూడా నేను, పద ఆపా ఇవాళే పోదాం, అనలేదు. నిజం చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో! ప్రతిసారీ ఇంకేదో సినిమా చెప్పి నోరు మూసుకున్నాను.

పోయిన వారం ఆ సినిమా మళ్ళీ మెదక్‌కు వచ్చింది. పాత సినిమాలు తిరిగి వస్తుంటాయి కదా, అట్లా. రిక్షాకు మైకు కట్టుకుని గల్లీలో అరుచుకుంటూ పోతుంటే లేచి తలుపు వేసుకున్నాను. ఏదో పనిమీద ఇక్కడికి వచ్చిన ఖాజా భాయి గోడ మీద బొమ్మ చూసి పోయి ఇంట్లో చెప్పాడట. నాలుగు రోజులకు కార్డు వచ్చింది. ఆపా చెబితే, నర్సాపూర్ పోయాక పుట్టిన కూతురు రాసింది. "చెల్లె, శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్న. గా పది నిమిషాల ముందుది, తర్వాతది అంతా చూడాలె. డ్యాం మీద పిల్ల నవ్వేటప్పుడు నేను మెట్లు దిగుతున్న, ఈసారి దిగ. నీ కడుపుకు ముందుగాలనే వాము నీళ్ళు పట్టియ్యి."

కార్డు చదివి పకపకా నవ్వాను. నవ్వి నవ్వి అక్కడే కూర్చుండిపోయాను.

పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. బస్సు దిగగానే చెప్పనా? వద్దు. మొదటి సగం నిజంగా బాగుంటుంది, దాన్ని హాయిగా చూడనీ. పరదా లాగే చప్పుడు విననీ. ఎటు చూడాలో చెబుతాను. ఇంటర్వెల్‌కు లైట్లు వెలుగుతాయి, పరదా మూస్తారు. ఆపా నా వైపు తిరిగి, డ్యాం ఇంకా రాలేదేంది చెల్లె, అంటుంది. అప్పుడు చెబుతాను. డ్యాం లేదని, తల్లి చచ్చిపోతుందని, ఆ రోజు నాకు కడుపునొప్పి రాలేదని. ఆ తర్వాత ఆమె లేచి పోతుందో, నన్ను కొడుతుందో, మాట్లాడకుండా మిగతా సగం చూస్తుందో నాకు తెలియదు. పదిహేనేళ్ళు ఆమెకు ప్రతి కథ ముగింపు నేనే చెప్పాను. దీని ముగింపు ఆమె చెప్పాలి.

మీకు చెప్పేశాను. పొద్దున ఉన్నంత బరువు ఇప్పుడు లేదు. మీరు నన్ను ఏమనుకున్నా సరే.

టాకీసు మైకులో మొదటి పాట పెట్టారు. గల్లీలో ఆపా గొంతు వినిపిస్తోంది. ఎవరినో పలకరిస్తూ, నవ్వుతూ వస్తోంది. ఇదిగో, మా గుమ్మం ముందే ఆగింది.

"చెల్లె, కడుపు మంచిగున్నదా?"

మంచిగున్నది ఆపా. చీర కట్టుకునే ఉన్నాను. వస్తున్నాను.